జిగురక్క కుట్టిన ముగింపు

జిగురు ఉడుకుతున్నప్పుడు గరిటె ఆపకూడదు. ఆపితే ఉండ కడుతుంది. ఉండ కట్టిన జిగురుతో అతికించిన పుస్తకం ఏడాది తిరక్కుండా ఊడి, మళ్లీ బల్ల మీదికే వస్తుంది. అందుకే లైబ్రేరియన్ గుమ్మంలో నిలబడి "ఇవాళైనా ఇంటి దగ్గర ఉండొచ్చు కదమ్మా" అన్నప్పుడు జిగురక్క తల ఎత్తలేదు.

"ఇంట్లో కూర్చుంటే నేనూ మంచం ఎక్కుతానండీ. పక్కింటి పిన్ని ఉందిలెండి. అయినా నన్ను పొమ్మన్నది మా చెల్లెలే. 'నువ్వు నా మొహం చూస్తూ కూర్చుంటే నాకేం ఊపిరి పెరగదు, పో' అంది."

"టీచరమ్మ అన్నారంటే ఇంక అంతే" అని ఆయన నిట్టూర్చి వెళ్లిపోయాడు.

జిగురక్క అన్నది పిల్లలు పెట్టిన పేరు. పిల్లల లైబ్రరీ వెనక గదిలో, చిరిగిన పుస్తకాల గుట్టల మధ్య ఆవిడ జుట్టు నెరిసింది. పొట్టి మనిషి. వంగి వంగి భుజాలు గుండ్రంగా తిరిగిపోయాయి. మడతలు నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి గోరు అరిగి పలచనైంది. వేళ్ల సందుల్లో ఎండిన జిగురు పొరలు ఎంత కడిగినా పోవు. పుస్తకాలతో మాట్లాడే అలవాటొకటి ఉంది. "నిన్నెవడు నమిలాడురా? పళ్లొచ్చే పిల్లాడే అయ్యుంటాడు" అని అట్టని మందలిస్తూ ఉంటుంది. భర్త పోయాక ఈ పనిలో చేరింది. పెళ్లి ఊసెత్తితే ఒంటికాలి మీద లేచే చెల్లెలితో కలిసి రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది. అంతే, చెప్పుకోడానికి ఇంకేం లేదు అంటుంది ఎవరడిగినా.

జిగురు దించి బల్ల దగ్గరికి వచ్చింది. ఇవాళ వచ్చినవాటిలో ఆ రెండూ ఉన్నాయి. అవెప్పుడూ జంటగానే వస్తాయి. ఒకటి 'ఖాళీ కుర్చీ', రెండోది 'దీపాల తోట'. ఒకే ప్రెస్సులో అచ్చయినవి, ఒకే కొలత, ఒకే రకం అక్షరాలు. రెండింటికీ చివరి ఫారమే ఊడుతుంది. పదహారు పేజీల మడతని బైండింగువాళ్లు ఫారం అంటారు. పిల్లలు ముగింపునే పదేపదే చదువుతారు కాబట్టి అక్కడే కుట్టు తెగుతుంది.

'ఖాళీ కుర్చీ'లో ముగ్గురు పిల్లలు, ఒక కుంటి గుర్రం. ఊళ్లో దీపాలు ఆరిపోతున్నాయని ఆకాశపు రాజుకి మొర పెట్టుకుందామని మబ్బుల మెట్లెక్కి పోతారు. తీరా తలుపు తీస్తే కుర్చీ ఖాళీ. రాజు లేడు, ఏనాడూ లేడు. పిల్లలే దిగొచ్చి ఇంటింటికీ దీపం ముట్టిస్తారు. 'దీపాల తోట'లో అన్నాచెల్లెళ్లు, మాటలొచ్చిన కొంగ. నల్లటి నది దాటితే అవతల గేటు దగ్గర తోటమాలి దీపం పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లందరినీ ముద్దుపేర్లతో పిలుస్తాడు. దారిలో తప్పిపోయినవాళ్లంతా అక్కడే ఉంటారు.

ఈ రెండింటి మీదా గొడవలు తక్కువ కాలేదు. మొదటిది పిల్లల్ని నాస్తికుల్ని చేస్తోందని ఒక తండ్రి వచ్చి కేకలేశాడు. రెండోది కథ ముసుగులో దేవుణ్ణి నూరిపోస్తోందని ఒక తల్లి వచ్చి అంతకంటే గట్టిగా కేకలేసింది. లైబ్రేరియన్ ఇద్దరికీ మంచినీళ్లిచ్చి పంపించి, రెండు పుస్తకాల్నీ ఒకే అరలో పక్కపక్కన పెట్టాడు. పిల్లల గోల వేరు. గుర్రానికి కాలు నయమైందా అనేది వాళ్ల బాధ. కుర్చీలో ఎవరూ లేకపోతే దాన్ని అక్కడికి మోసిందెవరు అని ఒక పిల్ల టీచరమ్మనే నిలదీసింది.

టీచరమ్మ అంటే చెల్లెలే. బళ్లో సైన్సు చెప్పేది. శనివారాలు ఇక్కడికొచ్చి పిల్లలకి కథలు చదివేది, ఎక్కువగా 'ఖాళీ కుర్చీ'నే. గోడకి ఇవతల కుట్టుకుంటూ జిగురక్క ఎన్నిసార్లు విందో లెక్కలేదు.

చిన్నప్పుడు తల్లి పోయినరోజు వాళ్ల నాన్న ఇద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకుని, "అమ్మని దేవుడు తీసుకెళ్లాడు" అని ఒకే మాట చెప్పాడు. పెద్దదానికి ఆ మాటతో ప్రాణం కుదుటపడింది. పోనీలే, అమ్మ ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంది. చిన్నది మాత్రం, "అడక్కుండా తీసుకెళ్తే దొంగే కదా" అంది. ఇంకొంచెం పెద్దయ్యాక దొంగ కూడా లేడని తేల్చేసుకుంది. అప్పట్నుంచీ ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ. పొద్దున లేవగానే అక్క కళ్లు మూసుకుని చేతులు జోడిస్తే, చెల్లెలు పక్కనుంచి "నేను అడిగానని చెప్పు" అని వెక్కిరించేది. అక్క పళ్లు నూరుకునేది. అయినా ఒక పూట కూడా విడిగా తిన్నది లేదు.

ఇప్పుడు చెల్లెలి ఊపిరితిత్తులు చెప్పిన మాట వినడం లేదు. ఇంక రోజులే అని డాక్టరు చెప్పేశాడు. కాసేపు తెలివిగా మాట్లాడుతుంది, కాసేపు పక్కింటి పిన్నిని పట్టుకుని "అమ్మా" అంటుంది. ఇవాళ పొద్దున మాత్రం తెలివిగానే ఉంది. "అక్కా, సాయంత్రం వచ్చేటప్పుడు 'ఖాళీ కుర్చీ' పట్టుకురావే. చివరి అధ్యాయం చదువుదువుగాని" అంది.

అప్పట్నుంచీ జిగురక్కకి అదే ఆలోచన. ఆ ఖాళీ గది మాట వింటూ అది పోవాలా? ఎవరూ లేరు, ఎవరూ లేరు అనుకుంటూ చీకట్లోకి ఒక్కతే నడిచిపోవాలా? ఆవిడకి కావలసిందల్లా ఒక్కటే, మళ్లీ ఎక్కడో ఒకచోట చెల్లెలు కనిపించాలి. జీవితమంతా నువ్వు లేవన్నదాన్ని ఆ తోటమాలి గేటు దగ్గరే ఆపేస్తే తన గతేం కాను? చివరి నిమిషంలోనైనా దాని మనసులో ఒక్క దీపం వెలిగితే చాలు కదా.

పాత దారం కోసి రెండు పుస్తకాల చివరి ఫారాలూ విడదీసింది. 'ఖాళీ కుర్చీ'లో మిగిలిన ఆఖరి పేజీ అడుగున వాక్యం సగంలో ఆగి ఉంది: "చిన్నది తలుపు నెట్టింది. లోపల". పక్కనే ఉన్న తోట ఫారం మొదటి వరుస మీద కన్ను పడింది: "దీపం పట్టుకుని తోటమాలి నిలబడి ఉన్నాడు."

జిగురక్క చేతిలో సూది ఆగింది. రెండూ కలిపి మళ్లీ చదివింది. ఇది దేవుడి పని కాకపోతే ఇంకెవరి పని!

తలుపు దగ్గరగా వేసి, తోట ఫారాన్ని కుర్చీ పుస్తకానికి పెట్టి కుట్టేసింది. ఇన్నేళ్లలో ఏనాడూ కుట్టనంత పొందిగ్గా కుట్టింది. ముడులు బిగించి, పుస్తకం వీపుకి గాజుగుడ్డ అంటించి, ఇనప మరలో పెట్టి అదిమింది. అసలు ముగింపు బల్ల మీద ఒంటరిగా మిగిలింది. దాని మీద ఒక అట్టముక్క కప్పేసింది.

సాయంత్రం లైబ్రేరియన్ ఎదురై, "ఏ పుస్తకం తీసుకెళ్తున్నారమ్మా?" అని మామూలుగానే అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం చెయ్యలేదండీ, కుట్టానంతే" అంది. ఆయనకేమీ అర్థంకాక, "కుట్టడమే కదమ్మా మీ పని" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే చెప్పింది. "మధ్యాహ్నం నుంచీ పలకట్లేదే. ఇప్పుడే కళ్లు తెరిచింది. కాళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి." జిగురక్క నీళ్లు కాచి రబ్బరు సంచీలో పోసి, బిరడా బిగించి, గుడ్డ చుట్టి చెల్లెలి పాదాల కింద పెట్టింది. పిన్ని ఇంటికి వెళ్లింది. కిటికీలోంచి వీధిదీపం వెలుతురు మంచం మీద సగందాకా పడుతోంది.

"తెచ్చావా?" అంది చెల్లెలు. గొంతు గాలిలా ఉంది.

"తెచ్చాన్లే. ముందు రెండు చెంచాలు నీళ్లు తాగు."

"తర్వాత. చదువు."

చెల్లెలి చేతిని ఎడంచేత్తో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పిల్లలు మెట్లెక్కుతున్నారు. గుర్రం కుంటుతోంది. మబ్బు తడికి చిన్నదాని జడ విడిపోయింది. చెల్లెలు కళ్లు మూసుకుని వింటోంది, కథ చెబుతానంటే పడుకున్న పసిపిల్లలాగా. పొద్దుటి ధైర్యం పేజీ పేజీకీ జారిపోతోంది జిగురక్కకి. కావాలనుకుంటే అది తోటనే అడిగేది కదా? అడిగిన బొమ్మ దాచేసి వేరేది చేతిలో పెట్టి, ఇదే అది అని మంచాన ఉన్నదాన్ని మభ్యపెట్టడమేనా అక్క చెయ్యాల్సింది?

"చిన్నది తలుపు నెట్టింది. లోపల..." అని ఆగిపోయింది.

చేతిలో పుస్తకం ఉంది గాని, చదవాల్సిన కాగితం లైబ్రరీ బల్ల మీద ఉంది. జిగురక్క ఎదురుగా ఉన్న గోడని చూస్తూ, శనివారాల్లో విన్నదంతా కూడగట్టుకుని చెప్పసాగింది. "లోపల ఎవరూ లేరు. కుర్చీ ఉంది. కుర్చీ మీద దుమ్ముంది. చిన్నది ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద, చాలా కింద, వాళ్ల వీధిలో ఎవరో ఒక దీపం పెట్టారు. ఎవరు పెట్టారో..."

"ఎవరు పెట్టారో పైనుంచి తెలియలేదు" అని చెల్లెలు అందించింది. కాసేపు ఊపిరి తీసుకుని, "అక్కా. కాగితం తిప్పిన చప్పుడు రాలేదేం? 'లోపల' దగ్గర పేజీ తిప్పాలి" అంది.

ఇంకేం దాస్తుంది? "పాడుపని చేశానే" అని మొత్తం కక్కేసింది. కక్కుతూ కక్కుతూ ఏడ్చింది. "నువ్వు ఒక్కదానివే పోతావేమోనని భయంవేసి కుట్టేశానే. తీరా చదవబోతే నోరు రాలేదు."

చెల్లెలు నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది చివరికి. "దొంగతనం కూడా సరిగ్గా రాదే నీకు. నాకు భయం లేదక్కా. దిగొచ్చి దీపాలు పెట్టేశాను. బడినిండా పెట్టాను. నాకది చాలు."

"నాకు చాలొద్దూ?"

చెల్లెలు కళ్లు తెరిచి అక్క వైపు చూసింది. ఆ చూపులో వెక్కిరింత లేదు. "చాలదులే. నాకు తెలుసు. పోనీ, కుట్టావుగా, తోట చదువు."

"నా తృప్తికోసం అంటున్నావు."

"నీకోసమే. నేను నమ్మనక్కా, ఇప్పుడూ నమ్మను. కానీ రేపట్నుంచి నువ్వు నన్ను వెతుక్కునేది ఆ తోటలోనే కదా. అదెలా ఉంటుందో ఒకసారి చూసుకోనీ." మళ్లీ ఊపిరి అందుకోడానికి ఆగింది. "రేపు మాత్రం విప్పి ఎవరి ముగింపు వాళ్లకి కుట్టెయ్. పిల్లలు కంగారుపడతారు."

"కుడతాలే."

జిగురక్క కొంగుతో మొహం తుడుచుకుని కాగితం తిప్పింది. కొత్త జిగురు బిగువుకి అది చిన్నగా పెటపెటలాడింది. చెల్లెలు ఆ చప్పుడుకి తల ఊపింది. దీపం పట్టుకుని తోటమాలి నిలబడి ఉన్నాడు. నది దాటినవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. తడిసిన రెక్కలతో కొంగ వచ్చింది. దాన్ని ఆయన ముద్దుపేరుతో పిలిచాడు.

"చెట్లేం చెట్లు?" అని అడిగింది చెల్లెలు.

"రాయలేదే."

"రాయాలి. చెట్లన్నాక పేర్లుంటాయి."

"వేపచెట్లనుకో."

"సరే" అంది, ఒప్పుకున్నట్టే.

ఇంకో పేజీ చదివింది. ఇంకో పేజీ. ఎక్కడో పేజీ మధ్యలో, తన చేతిలో ఉన్న చెయ్యి బరువెక్కినట్టనిపించింది. చెల్లెలి ఊపిరి కోసం చెవి ఒగ్గింది. వీధిలో ఎవరిదో సైకిలు గంట తప్ప ఇంకేం వినపడలేదు. జిగురక్కకి తెలిసింది. తెలిసినా ఆపలేదు. ఆపితే గేటు బయటే వదిలేసినట్టవుతుందని, చివరి వరుసదాకా చదివింది. అందరి ముద్దుపేర్లూ అయ్యాక, పుస్తకంలో లేని ఒక ముద్దుపేరు, తల్లి పోయాక చెల్లెల్ని ఎవరూ పిలవని పేరు, తనే చేర్చి చదివింది.

అప్పుడు వెళ్లి పక్కింటి తలుపు కొట్టింది. పిన్ని వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కళ్లు మూసి, "పిచ్చితల్లి, నిద్రపోయినట్టే ఉంది" అని చెంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరుకి కబురు చెయ్యాలి, బడివాళ్లకి చెప్పాలి అనుకుంటూ గబగబా మెట్లు దిగిపోయింది.

జిగురక్క ఒక్కతే మంచం చివర నిలబడింది. ఏం చెయ్యాలో తోచక, చెదిరిన దుప్పటి సరిచేస్తూ పాదాల దగ్గరికి వచ్చింది. రెండు పాదాలూ చల్లబడిపోయాయి. వాటి కింద, గుడ్డ చుట్టిన రబ్బరు సంచీ ఇంకా వెచ్చగానే ఉంది.