కొంచెం పైకి చూసిన దీపం

నేను ఒక పాత తెల్ల కారుకు కుడివైపు హెడ్‌లైటుని. ముందు అద్దం, వెనుక వెండిలా మెరిసే గిన్నె, నడుమ ఒక బల్బు, ఇంతే నా ఒళ్ళు. వెనకాల రెండు మరలుంటాయి. ఒకటి తిప్పితే నా చూపు పైకీ కిందికీ కదులుతుంది, రెండోది తిప్పితే పక్కలకు. ఎవరు ఎటు తిప్పి వదిలితే అటే చూస్తూ ఉండాలి. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాడు సరిగ్గానే బిగించాడు కాబట్టి, అదొక కష్టమని అప్పట్లో నాకు తెలియదు.

మొదట పొగాకు కొనే ఒకాయన దగ్గర ఆరేళ్ళున్నాం. ఆయన పొద్దు గుంకాక గడప దాటేవాడు కాదు. తర్వాత పొదిలిలో టాక్సీ నడిపే ఖాసిం చేతికి వచ్చాం. ఖాసిం నెమ్మదస్తుడు. వారానికి రెండుసార్లు కోటమ్మ అనే ముసలామెను డయాలసిస్‌కు ఒంగోలు తీసుకెళ్ళేవాడు. ఆసుపత్రిలో ఆమె వంతు ఉదయం ఆరుకే. అందుకని చీకటితోనే బయలుదేరేవాళ్ళం. వెనక సీటులో కోటమ్మ, ఆమె భర్త, తోడుగా కోడలు. డిక్కీలో చక్రాల కుర్చీ, నీళ్ళ డబ్బా, అన్నం క్యారేజీ.

ఒకనాడు చీమకుర్తి దాటాక గేదె అడ్డం వచ్చింది. గేదెకేమీ కాలేదు, నా చుట్టూ ఉన్న రేకు మాత్రం లోపలికి పోయింది. షెడ్డులో రేకు సాపు చేసి, నన్ను మళ్ళీ బిగించి, మరలు చేతికొచ్చినట్టు తిప్పి, స్విచ్ వేసి చూశారు. వెలిగాను. ఖాసిం సంతోషంగా తలూపి కారెక్కాడు. నా చూపు పైకి లేచిపోయిందని ఎవరూ గమనించలేదు.

ఆ రోజు నుంచి నేను రోడ్డును చూడలేదు. వేపచెట్ల కొమ్మలు చూశాను, కరెంటు తీగలు చూశాను. వెనక ముగ్గురూ ఎక్కి కూర్చుంటే కారు వెనక్కి కుంగేది, నా ముక్కు ఇంకా పైకి లేచేది. ఎదురొచ్చే లారీలవాళ్ళు లైట్లు ఆర్పి వెలిగించి చెప్పేవారు. ఖాసిం కూడా తిరిగి అలాగే కొట్టేవాడు.

"వాళ్ళకేం పోయేకాలం, నేను డిమ్ములోనే వస్తున్నా గదా" అని గొణుక్కునేవాడు.

కోటమ్మ ఒకసారి అంది. "అబ్బాయ్ ఖాసిం, చెట్ల మీద కొంగలు కనపడతన్నయ్యి గానీ, గుంటలు కనపడట్లేదేందయ్యా?"

"మన రోడ్లు అట్టా తగలడినయ్ పెద్దమ్మా" అని నవ్వాడు ఖాసిం.

ఆ మాట పట్టుకుంటాడేమోనని ఆశపడ్డాను. పట్టుకోలేదు. మూడు నెలలు అలాగే తిరిగాం.

పూలమ్మే మాలకొండయ్యను ఆ తెల్లవారుజామున, ఒంగోలు వెళ్ళే దారిలో, నేను చూసింది ఒక్క క్షణమే. మోపెడ్ మీద, ముందూ వెనకా తడిగుడ్డ కప్పిన పూలబుట్టలతో పొదిలి మార్కెట్టుకని ఎదురొస్తున్నాడు. మలుపులో నా వెలుగంతా అతని ముఖం మీద పడింది. తల పక్కకు తిప్పుకున్నాడు. ఇక అతనికి రోడ్డు అంచు కనపడలేదు. తిప్పుకోగలిగితే నేనూ తల తిప్పుకునేదాన్ని. మోపెడ్ కల్వర్టు పక్క పల్లంలోకి జారిపోయింది.

ఖాసిం కారాపి పరిగెత్తాడు. కోటమ్మ భర్తా అతనూ కలిసి మాలకొండయ్యను మోసుకొచ్చి ముందు సీటులో పడుకోబెట్టారు. కుడి మోకాలు తిరిగిపోయి ఉంది. కోటమ్మ తన నీళ్ళ డబ్బా ముందుకు అందించింది.

"ఎట్టా పడ్డావన్నా?" అన్నాడు ఖాసిం.

"నీ లైటేనయ్యా. కళ్ళల్లో సున్నం కొట్టినట్టయింది. ఇంక నాకు రోడ్డు లేదు."

ఖాసిం నేరుగా ఒంగోలు ఆసుపత్రికి పోనిచ్చాడు.

ఆ సాయంత్రమే నన్ను వీరబ్రహ్మం దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన బండ్ల కరెంటు పని చేసే పెద్దమనిషి. ముందు టైర్లలో గాలి చూశాడు. రోజూ ఎంత బరువెక్కుతుందో అడిగి, అంత బరువుకు ముగ్గురిని వెనక కూర్చోబెట్టాడు. చదును నేల మీద కారును గోదాము గోడకు దగ్గరగా నిలిపి, నా నడిమి ఎత్తున సుద్దముక్కతో గీత గీశాడు. తర్వాత కారును ఇరవై అయిదడుగులు వెనక్కి పెట్టించి డిమ్ లైటు వేయమన్నాడు. ఎడమదాని వెలుగు గీతకు రెండంగుళాలు కిందనే ఉంది. నాది గీతకు మూరెడు పైన.

"చూశావా, ఇది ఎదుటోడి కళ్ళల్లోకి చూస్తంది" అన్నాడు వీరబ్రహ్మం.

స్క్రూడ్రైవర్‌తో నన్ను పైకీ కిందికీ కదిపే మర నెమ్మదిగా తిప్పాడు. నా వెలుగు గోడ మీద నుంచి దిగివచ్చి గీత కింద నిలిచింది. పది నిమిషాల పని. ఖాసిం ఆ గోడనే చూస్తూ నిలబడ్డాడు. మూడు నెలలు నేను చెప్పలేకపోయింది ఒక సుద్దగీత చెప్పింది.

మర్నాడు ఖాసిం ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. "తప్పు నాదేనన్నా. అందరూ చెప్తానే ఉన్నారు, నేనే వినలేదు."

"ఇప్పుడు లైటు దింపావా?" అని అడిగాడు మాలకొండయ్య.

"దింపా."

"అయితే సరే."

మాలకొండయ్య మోకాలు మళ్ళీ వంగలేదు. ఇప్పుడతను ఒంగోలు మార్కెట్టులో కూర్చునే పూలమ్ముతాడు. కోటమ్మ వెళ్ళే రోజుల్లో ఖాసిం అతన్నీ బుట్టల్నీ ఎక్కించుకుంటాడు. అతను ముందు సీటులో కాలు చాపుకుని కూర్చుంటాడు.

మొన్న ఒక తెల్లవారుజామున అలా వెళ్తుంటే ఎదురుగా ఒక కారు వచ్చింది. దాని దీపం నేరుగా మా మీదికే. ఒకప్పటి నాలాగే దాని చూపూ పైన ఇరుక్కుపోయిందని నాకు అర్థమైంది. దాన్ని నడిపేవాడికి చెప్పే నోరు నాకు లేదు, ఆ దీపానికీ లేదు. మాలకొండయ్య రెండు చేతులతో డాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాడు. ఖాసిం వేగం తగ్గించి, ఎడమ అంచుకు తీసి ఆపేశాడు.

ఆ కారు వెళ్ళిపోయింది. ఖాసిం వెంటనే బండి కదల్చలేదు. మాలకొండయ్య చేతులు తీసేదాకా ఆగాడు.