చల్లారిన ఆయిల్

2004 వేసవి. అనకాపల్లి కాలేజీ వర్క్‌షాపులో వరదానం మాస్టారు ఇంజన్ లోపల వాల్వుల్ని ఆడించే టైమింగ్ చైన్ రాపిడి ఎంత కరెంటు తినేస్తుందో తేల్చాలని పాత ఇంజన్ని మోటారుతో తిప్పిస్తున్నాడు. చైన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి మీటరు చూస్తే ఆ తేడాయే నష్టం. చైన్‌తో మొదటి లెక్క చూడగానే తొందరపడి చైన్ కోయించేశాడు. అలాంటి చైన్ ఇక ఎక్కడా దొరకదు. ఈలోగా గంటసేపు కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే, చైన్ లేకుండానే ఎక్కువ లాగుతోంది! ఆయిల్ చల్లారి చిక్కబడిందని అప్పుడు తట్టింది మహానుభావుడికి.

"దానికేటి మాస్టారూ, ఇందాకంత వేడి సేసి మళ్లీ సూడండి," అన్నాడు మెకానిక్ పోతురాజు.

వరదానం కూలబడ్డాడు. "ఇందాక ఎంత వేడుందో తెలిస్తే కదా!"

థర్మామీటరు అతని జేబులోనే ఉంది, ఒక్క ఆయిల్ చుక్కైనా అంటకుండా.