వాగు పట్టుకుపోయిన మరుపు

పొద్దున్నే సోయా ముద్దతో మిసో చారు కాచి దించి, చిసే అవ్వ కొండెక్కేది. ఆ ఊళ్లో ఎవరేం మరిచిపోయినా, దాన్ని పై లోయలోని దేవదారు చెట్లు వేళ్లతో పీల్చుకుని, ఎండుటాకుతో పాటు రాల్చేవి. వెళ్లి కింద కాసేపు నిలబడితే మరిచింది గుర్తొచ్చేది. ఎవరూ తీసుకోనిది మట్టిలో కలిసి మళ్లీ చెట్టెక్కేది. "కత్తెర ఎక్కడ పెట్టానో కనుక్కొస్తా" అంటూ ఆడవాళ్లు కొండకి వెళ్లడం మామూలే.

చిసే మాత్రం కూతురి కోసం వెళ్లేది. సుజు చిన్నప్పుడే జ్వరంతో పోయింది. ఈమధ్య ఆ పిల్ల ముఖం నిద్రలో జారిపోతోంది. చెట్ల కింద నిలబడితే తిరిగొస్తోంది.

అడవి మీద పరిశోధన చేసే కుజుహర మాస్టారు ఆవిడ ఇంట్లోనే భోంచేసేవాడు. చెట్ల కింద వలలు కట్టి, రాలిన ఆకు తూచేవాడు. వాగుకి అడ్డంగా కట్టిన చిన్న గట్టు దగ్గర నీళ్లు సీసాల్లో పట్టి, అడవిలోంచి నత్రజని ఎంత పోతోంది, సున్నం ఎంత, మరుపు ఎంత అని కొలిచేవాడు. పక్కపక్కనే రెండు లోయలు. ఒకదాన్ని నరికి, రెండోదాన్ని అలాగే ఉంచి, వాగులు రెంటినీ పోల్చాలి.

"పై లోయని ఎవరూ ముట్టుకోరు పెద్దమ్మా. నేనున్నానుగా" అన్నాడు, ఊరబెట్టిన ముల్లంగి నములుతూ.

ఆ మాటకి పొంగిపోయి, ఆవిడ అతన్ని వాగు దగ్గరికి తీసుకెళ్లింది.

"తాగి చూడు నాయనా. ఏమైనా గుర్తొస్తోందా? రాదు. మా ఆయనా నేనూ చేత్తో కలుపు తీసి పెంచిన అడవి ఇది. చుక్క మరుపు బయటికి పోనివ్వదు. కింది లోయ ఉంది చూశావూ, అదొట్టి జల్లెడ."

మాస్టారు దోసిలి పట్టి తాగాడు. ఏమీ గుర్తురాలేదు. సంచీలోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

వసంతంలో రంపాల చప్పుడు పై లోయలోంచి వచ్చింది. చిసే ఉన్నపళంగా పరిగెత్తింది. నరికేవాళ్ల మేస్త్రీ తొకుజి ఆవిడకి మరిది వరస.

"నన్ను తిట్టకు వదినా. టేపు కట్టిన చెట్టు కొట్టడమే నా పని. కట్టింది నువ్వు అల్లుడిలా మేపిన మాస్టారే" అన్నాడు.

మాస్టారు టోపీ తీశాడు. "ముందే మరుపు కారిపోయే లోయని నరికితే ఏం తెలుస్తుంది పెద్దమ్మా? ఏమీ కారని దాన్ని నరికితేనే, నరకడం వల్ల ఎంత పోతుందో తేలుతుంది. మీరే కదా చూపించారు."

"అవును, నేనే చూపించాను" అంది చిసే.

వానలు పడ్డాయి. పీల్చుకునే వేళ్లు లేక, ఊరి మరుపంతా వాగులో పడి సముద్రానికి పోయింది. తొకుజి పెళ్లాం పేరు మరిచి "ఏమేవ్" అని పిలవడం మొదలెట్టాడు. "ముందు మాత్రం ఏమని పిలిచావులే" అని ఆవిడ దెప్పింది. చిసే మొదట సుజు ముఖం మరిచింది. తర్వాత, అసలు తనకో కూతురుండేదని మరిచింది.

ఆకులు ఎర్రబడే రోజుల్లో మాస్టారు ఓ సీసాతో వచ్చాడు. గడపలో మోకరిల్లి నుదురు నేలకి ఆనించాడు.

"అయ్యో, ఎవరబ్బాయివి నాయనా? లే, నేల చల్లగా ఉంది" అంటూ చిసే ఉడికించిన దుంపలు పళ్లెంలో తెచ్చి ముందు పెట్టింది.

"నన్ను క్షమించండి పెద్దమ్మా."

"దేనికీ?" ఆవిడ నిజంగానే నవ్వింది.

అతను లేచి వెళ్లిపోవచ్చు. ఆ ఇంట్లో అతని మీద కోపం ఏ మూలా లేదు. కానీ సీసా మూత తీశాడు. అవి చివరి వానకి గట్టు దగ్గర పట్టిన నీళ్లు. అంతకుముందు పట్టినవన్నీ పరీక్షల్లో అయిపోయాయి.

"ఇందులో సుజు ఉందేమో. తాగండి."

"సుజు ఎవరు?" అంటూనే తాగింది.

కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంది. సుజు రాలేదు. ఆవిడ చివరగా మరిచింది మాత్రం తిరిగొచ్చింది. పెదాల మీది నవ్వు మెల్లగా ఆగిపోయింది. కళ్లు తెరిచి అతన్ని పోల్చుకుంది.

"మీరు వెళ్లండి మాస్టారూ" అని, అతని ముందున్న దుంపల పళ్లెం తీసేసింది.