తడి ఆరినాక

మణెమ్మ నల్లరాతి నంది వీపు మీద ఒక చేత్తో నీళ్లు వంచుతూ రెండో చేత్తో సానరాయి పట్టి రుద్దుతోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె పని నీళ్లు పోయడమే, రుద్దడం మొగుడు రంగయ్యది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల పేర్లు ఊరూరా తెలుసు. వాటికి నునుపు తెచ్చే ఈ ఇద్దరి పేర్లు షెడ్డు దాటి ఎవరికీ తెలియవు. అందుకు వాళ్లకూ పెద్ద దిగులు లేదు.

ఉగాదికి ముందు, ఛాతీనొప్పని నంద్యాల తీసుకెళ్తే ఆసుపత్రి మంచం మీదే రంగయ్య గుండె ఆగింది. డాక్టర్లు మళ్లీ కొట్టుకునేలా చేశారు గానీ, ఆ కాసేపట్లో మెదడు దెబ్బతింది. నడిపిస్తే నడుస్తాడు, పెడితే తింటాడు. మాట లేదు. కుడిచెయ్యి మాత్రం గోడనో కంచాన్నో గుండ్రంగా రుద్దుతూనే ఉంటుంది. ఒక్కసారి తన పేరు పిలిస్తే చాలు, మణెమ్మకు ఇంకేమీ అక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం వైద్యానికి వెళ్తూ నంద్యాల బస్సులో అతను కిటికీ అద్దం రుద్దుతూ కూర్చున్నాడు, దూరాన నీలంగా ఉన్న నల్లమలకు నునుపు తెస్తున్నట్టు.

సూదుల వైద్యం చేసే ప్రేమకుమారి మొదటిరోజే చెప్పింది, ఆసుపత్రి మందులు మానొద్దని, సూదులు వాటికి తోడు మాత్రమేనని, మాట వస్తుందని తాను చెప్పలేనని. ఆరోజూ నెత్తిన, బొటనవేలి సందున, పాదాల మీద సన్నటి సూదులు గుచ్చింది. ఫ్యాను గాలికి మణెమ్మకూ కునుకు పట్టింది. కునుకులో ఎక్కడో రాతి మీద నీళ్లు జారుతున్నాయి.

"మణీ, నీళ్లు పొయ్యి."

కలనుకుంది. కళ్లు తెరిస్తే రంగయ్య ఆమెనే చూస్తున్నాడు.

గొంతుదాకా వచ్చిన సంతోషాన్ని మణెమ్మ మింగేసింది. తడిరాయి ఎప్పుడూ మెరుస్తుంది, గీతలు ఆరినాకే బయటపడతాయి. తడి మీద చూసి పని అయిపోయిందన్నవాళ్లను రంగయ్య నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

"పలకమ్మా, పిలుస్తాండాడు గదా" అంది ప్రేమకుమారి.

"తడి మీద చెప్పగూడదు మేడం. ఆరనీ. రేపు గూడా పిలిస్తే పలుకుతా."

రంగయ్య కాసేపు ఎదురుచూసి కళ్లు మూసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆమె భుజం మీద తల వాల్చి, ఆమె చేతి కణుపుల్ని రుద్దుతూ కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక ఆ చెయ్యి ఆగింది. నిద్రపోయాడనుకుంది. రేపు పిలిస్తే ఎలా పలకాలో లోలోపల అనుకుని చూసుకుంటూ, ఒకటి రెండుసార్లు తనలో తనే నవ్వుకుంది.

"లెయ్యి, ఆళ్లగడ్డ వచ్చింది" అంది.

రంగయ్య లేవలేదు.

సాయంత్రం ఇల్లంతా జనం. మణెమ్మ ఒక్కతే షెడ్డులోకి వచ్చి, అతను ఇన్నేళ్లూ చేతపట్టి రుద్దిన సానరాయి ముందు కూలబడింది.

"పోస్తాండా అయ్యా, పోస్తాండా" అని ఏడుస్తూ దాని మీద చెంబెడు నీళ్లు పోసింది.

నీళ్లు జారిపోయాయి, రాయి ఆరింది. రంగయ్య బొటనవేలు అరగదీసిన గుంటలో మాత్రం కాసిన్ని నిలిచే ఉన్నాయి.