క్షమించాక కూడా కేసు

నందికొట్కూరు దగ్గర మా పల్లెలో చర్చి చిన్నదే గానీ పట్టింపులు పెద్దవి. నెలకో ఆదివారం ప్రభువు భోజనంగా రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. ఎవరితోనైనా తగవు ఉన్నవాళ్ళు ముందు రాజీ పడాలి, లేదా అవి తీసుకోకుండా వెనకే కూర్చోవాలి. రాహేలమ్మ వెనక కూర్చోవడం మొదలుపెట్టింది. నా పేరు రెజీనా, చర్చిలో స్త్రీల సమాజం చూసుకుంటాను. నేనూ పోయి ఆమె పక్కనే కూర్చునేదాన్ని. ఊరి చూపులన్నీ నాకూ తగిలేవి.

తగవు ఎవరితోనంటే, ఆ రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగే సంఘపెద్ద దావీదురాజుతోనే. ఆయనది పురుగుమందుల అంగడి. రాహేలమ్మ మొగుడు ఏసన్న మిరపచేనికి మందు అడిగితే, రెండు రకాలిచ్చి కలిపి కొట్టమన్నాడు. మా వైపు డబ్బా మీద రాత ఎవరూ చదవరు, అంగడాయన నోటిమాటే రాత. ఏసన్న చేలోనే పడిపోయాడు. ఆసుపత్రి నుంచి ప్రాణంతో తిరిగొచ్చాడు గానీ చేతుల వణుకు పోలేదు. అన్నం ముద్ద నోటిదాకా రాదు, రాహేలమ్మే తినిపించాలి.

ఆమె కర్నూలులో వినియోగదారుల కమిషన్‌కు పోయి కంపెనీ మీదా, దావీదురాజు మీదా కేసు వేసింది. కలపమని మేము చెప్పలేదు, అది రైతు సొంత తెలివి అన్నారు కంపెనీవాళ్ళు. దావీదురాజు కూడా తాను చెప్పలేదని ప్రమాణం చేసి రాసిచ్చాడు. అంగట్లో ఆ మాట విన్నవాళ్ళు వేరే లేరు. ఆయన నోరు విప్పితే తప్ప కేసు నిలవదని రాహేలమ్మ వకీలు తేల్చేశాడు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని ఊళ్ళో అందరూ ఆమెకు బుద్ధి చెప్పారు. వణికే చేతులు వాళ్ళవి కాదు కదా. నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఒకరోజు మా చర్చి పాస్టరు అయ్యగారే దావీదురాజును వెంటబెట్టుకుని రాహేలమ్మ ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. దావీదురాజు ఏసన్న ముందు కూర్చుని, తప్పయిందని నిజంగానే ఏడ్చాడు.

"నిన్ను ఎప్పుడో క్షమించినా అన్నా" అంది రాహేలమ్మ.

అయితే కేసు తీసేసినట్టేనా అని అయ్యగారు సంబరపడ్డారు. క్షమించినదానివి వెనక ఎందుకు కూర్చుంటున్నావనీ అడిగారు.

"నా మొగుడు సొంత తెలివితో చేసినాడని ఈయన్న రాసిచ్చినాడు అయ్యగారూ. ఆ అబద్ధం అట్లే పెట్టుకోని, ఈయన్నే రొట్టె తెచ్చిస్తాంటే నేను యెట్ల తీసుకునేది?"

నిజం చెబితే లైసెన్సు పోతుందనీ, అంగడి మూతపడుతుందనీ దావీదురాజు గొణిగాడు. రాహేలమ్మ మొగుడి మూతి తుడిచి, వచ్చినవాళ్ళకు నీళ్ళు తెచ్చిచ్చింది.

వాయిదా రోజున ఆమెకు తోడుగా నేను కర్నూలు పోయాను. కంపెనీ వకీలు ధీమాగా లేచి, రెండు మందులు కలపమని రైతుకు మీరు చెప్పారా అని దావీదురాజును అడిగాడు.

"చెప్పినా సార్. కంపెనీ మనిషి నాకు చెప్పినాడు, నేను ఏసన్నకు చెప్పినా. మొదట రాసిచ్చింది అబద్ధం."

ఇన్నాళ్ళూ ఆయన్ను తిట్టుకున్నదాన్ని, ఆ మాటకు నాకే జాలేసింది. కమిషన్ అధ్యక్షుడికి కూడా వేసినట్టుంది. ఈయన నిజం ఒప్పుకున్నాడు కాబట్టి కంపెనీ ఒక్కదాని మీదే కేసు నడుపుకుంటారా, ఈయన పేరు తీసేయమంటారా అని రాహేలమ్మను అడిగాడు. తీసేయమంటుందనే అనుకున్నాను. అనాలనీ కోరుకున్నాను.

"వద్దు సార్. దావీదన్న మీద నాకు కోపం లేదు. అయినా మందు చేతికిచ్చింది ఆయనే. ఆయన పేరు ఆడనే ఉండనీండి."

దావీదురాజు వకీలు కస్సుమని లేచాడు. దావీదురాజు ఆయన కోటు పట్టుకుని కిందికి లాగాడు.

"కూర్చో సార్. ఆయమ్మ చెప్పింది సరే."