చేవెళ్ల దారిలో చిన్న బండి

మోకాలి ఆపరేషన్ అయ్యాక ముకుందం స్కూటరు నడపడం మానేశాడు. మొయినాబాద్‌లో వాళ్లది కిరాణా కొట్టు. బ్యాంకుకు పోవాలన్నా, ఎవరింటికైనా సరుకులు దింపాలన్నా ఇన్నాళ్లూ తనే తిరిగేవాడు. ఆ కాస్త దూరానికి ఆటోలు రావు. వచ్చినా మనుషులు నిండేదాకా కదలవు. అందుకని కొడుకు విక్రమ్ చిన్న ఎలక్ట్రిక్ బండి కొనిచ్చాడు. లైసెన్సు అక్కర్లేదు. సైకిలు కంటే కాస్త వేగంగా పోతుంది. ఇంట్లో ప్లగ్గుకు పెడితే చాలు.

దాన్ని నడపడం నేర్చుకున్నది మాత్రం ముకుందం భార్య వసంత. యాభై దాటిన వయసులో, బడి మైదానంలో కిందా మీదా పడి నేర్చుకుంది. కొద్దిరోజులకే ఊళ్లో సరుకులన్నీ ఆమే దింపసాగింది. ఆటో తిరగని గల్లీల్లోకి కూడా ఆ బండి సులువుగా దూరిపోయేది. ముకుందం గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆమె వెళ్లిన వైపే చూసేవాడు. ఎంత తొందరగా వచ్చినా "ఇంత సేపా?" అనేవాడు.

ఆ మధ్యాహ్నం కొత్త కాలనీలో ఉండే సంగమ్మకు బియ్యం ఇచ్చి వస్తానని వెళ్లింది. రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముకుందం బయటికొచ్చాడు, లోపలికి పోయాడు, మళ్లీ బయటికొచ్చాడు. పప్పు అడిగిన మనిషికి చక్కెర తూచాడు. చివరికి షట్టర్ దించేసి, అటుగా వస్తున్న సైదులు ఆటో ఆపి ఎక్కాడు.

"అమ్మ ఎప్పుడో పోయింది సేటు. బండి చేవెళ్ల దిక్కు మలిపింది," అంది సంగమ్మ.

ముకుందం గబగబా మళ్లీ ఆటో ఎక్కాడు. అది బీజాపూర్ పోయే పెద్ద రోడ్డు. బస్సులు, ఫామ్‌హౌసులకు పోయే కార్లు, చందనవెల్లి ఫ్యాక్టరీల లారీలు. వాటి మధ్య ఆ బొమ్మలాంటి బండి.

"జర జల్ది పోనియ్ సైదులూ."

"పోతనే ఉన్న సేటు. ఫికర్ చెయ్యకు."

ముకుందం తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. రోడ్డు పక్కన నలుగురు గుమిగూడితే చాలు, ఆపమనేవాడు. ఒకచోట జామకాయల బండి చుట్టూ జనం. ఇంకోచోట చెడిపోయిన బస్సు. చివరికి ఒక పంక్చర్ షాపు ముందు తమ బండి కనిపించింది. షాపులోంచి దానికి వైరు లాగి ఉంది. పక్కన స్టూలు మీద వసంత, చేతిలో చాయ్.

"ఏమైంది? పడ్డవా?"

"పడలే. చార్జింగ్ అయిపోవట్టె. గీ ఎల్లేశ్ పెట్టుకోమన్నడు."

ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్న షాపు మనిషి తలెత్తి నమస్తే చెప్పాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలే?"

"లారీల మోతల ఇనబడలే."

"గిటు దిక్కు ఏం పనుండె నీకు?"

"పనేం లేదు. ఊకెనే వచ్చిన."

ఏదో ఒక పని చెప్పినా బాగుండేదనిపించింది ముకుందానికి.

"గీ బండి ఊర్ల తిరిగేటందుకే అని విక్రమ్ చెప్పలేదా? గీ రోడ్డు మీద ఎట్ల నడుపుతవ్?"

"చెప్పిండు. సంగమ్మ ఇల్లు దాటినంక రోడ్డు కనబడ్డది. ఇంటి దిక్కు మలుపబుద్ధి కాలే." వసంత గ్లాసు కింద పెట్టింది. "మీరు చేవెళ్లకు పోయి దోస్తులతోని గంటలకు గంటలు కూసుండి వచ్చేటోళ్లు. ఏం పనుండె అని నేను ఎన్నడన్న అడిగిన్నా?"

ముకుందం ఆటో వైపు తిరిగాడు. సైదులును వెళ్లిపొమ్మన్నాడు. ఎందుకు పంపాడో తనకే తెలియదు. కూర్చున్నాడు, లేచాడు, బండి మీటరులోకి తొంగిచూశాడు. ఒక్క గీత ఎక్కడానికి ఇంతసేపు పడుతుందా అని ఎల్లేశ్‌ను రెండుసార్లు అడిగాడు. వసంత మాత్రం పోయే బస్సుల బోర్డులు చదువుతూ కూర్చుంది. పరిగి, తాండూరు, వికారాబాద్.

"ఎన్ని ఊర్లున్నయో," అంది తనలో తాను.

ఇల్లు చేరడానికి సరిపడా చార్జింగ్ ఎక్కాక బయల్దేరారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ముకుందం ఆమె వెనక కూర్చోవడం అదే మొదటిసారి. చదును మీద బండి బాగానే పోయింది. ఎత్తు వచ్చేసరికి ఇద్దరి బరువుకు నడక వేగానికి పడిపోయింది. వెనక లారీ హారన్ కొట్టింది. వసంత బండిని రోడ్డు అంచుకు తీసింది.

"దిగుతున్న," అన్నాడు ముకుందం.

"మోకాలు నొస్తది."

"నువ్వైతే ఆగకు. ఎక్కెయ్."

అతను దిగగానే ఆమె ఎత్తు ఎక్కేసింది. పైన ఆగి వెనక్కి చూస్తే, ముకుందం కుంటుతూ వస్తున్నాడు. మధ్యలో నిలబడి మోకాలు పట్టుకున్నాడు. వసంత బండి స్టాండు వేసి ఎదురు వెళ్లబోయింది. అతను చెయ్యెత్తి వద్దన్నాడు.

పైకి వచ్చాక కాసేపు రొప్పుతూ నిలబడ్డాడు.

"ఇంకోపారి పోతే చెప్పి పో," అన్నాడు.

"చెప్తే వద్దంటరు."

"వద్దనే అంట. అయినా చెప్పు."

వసంత ఆలోచించింది. "చెప్త. వద్దన్నా పోత."

ముకుందం మెల్లగా వెనక ఎక్కాడు. ఇంకో లారీ దుమ్ము రేపుకుంటూ దాటిపోయింది. దుమ్ము అణిగేదాకా ఆగి వసంత బండి కదిలించింది.