తెర ఇచ్చిపో

నేను ఒక దోమతెరను. పేరులో దోమ ఉందని చూసి తొందరపడకండి, నాకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దాన్ని బయట ఉంచడంతోనే నా బతుకు సగం గడిచిపోయింది. మనుషులు మాత్రం నాలో పడుకున్నప్పుడు, ఇది తమను కాపాడుతోందా, బంధించిందా అని ఒక్కోసారి అనుమానపడతారు. ఒక వారం నాకూ ఆ అనుమానం వచ్చింది. ఆ వారం సంగతే చెప్పాలని కూర్చున్నాను.

పుట్టింది ఏదో మరమగ్గం మీద. అక్కడ గుర్తుపెట్టుకునేంత గొప్పగా ఏమీ జరగలేదు. నాకు ఊహ తెలిసింది రాజమండ్రిలోని ఒక కుట్టుపని కేంద్రంలో. అక్కడి ఆడవాళ్లు నా అంచుకు ఎర్రగుడ్డ వేసి, నాలుగు మూలలా నాడాలు కుట్టారు. కుట్టే ఆవిడ పక్కావిడతో కోడలి మీద చాడీలు చెప్పడంలో పడి, ఒక నాడా కాస్త కిందికి కుట్టేసింది. అందుకే నన్ను ఎక్కడ కట్టినా ఒక పక్కకు వాలి ఉంటాను.

కొండ ఊళ్లకు సేవకు వెళ్లేవాళ్ల కోసమని ఒక మిషన్ వాళ్లు నన్ను కొన్నారు. మొదట ఒక పెద్దమనిషి చేతికి ఇచ్చారు. ఆయన ఒక్క రాత్రి నాలో పడుకుని, తిరిగివచ్చి ఏడాదిపాటు సభల్లో అడవి కష్టాలు చెప్పుకున్నారు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఏడాదంతా నేను స్టోరుగదిలో కలరా ఉండల మధ్య పడి ఉన్నాను. నా కష్టాలు అడిగినవాడు లేడు.

ఆ తరవాత నిరీక్షణ చేతికి వచ్చాను. పాలకొల్లు పక్క పల్లెటూరి పిల్ల. పాతికేళ్లు కూడా నిండలేదు. సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతూ నేర్పుతూ, ఒకనాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి మిషన్‌లో పేరు ఇచ్చేసింది. వాళ్లు ఆమెను మారేడుమిల్లి దాటాక, ఒక వాగు అవతల ఉన్న జీలుగుపాక అనే కొండరెడ్ల ఊరికి పంపారు. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పాలి, సాయంత్రం ప్రార్థన పెట్టాలి. గొంతు బాగుంటుంది కనుక ఊరివాళ్లు ఆమెకు పాటలమ్మ అని పేరు పెట్టారు. పాట వినేవారు, పాట అయిపోగానే లేచి వెళ్లిపోయేవారు. ప్రార్థనకు కూర్చున్న మనిషి ఒక్కరూ లేరు.

ఇక్కడ మిషన్ వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి శనివారం సేవలో ఉన్నవాళ్లు ఫోను సిగ్నల్ అందే చోటికి వెళ్లి, పెద్దాయన రత్నాకరం అయ్యగారికి స్తుతి కబురు చెప్పాలి. స్తుతి కబురంటే ఆ వారం జరిగిన మంచి. మంచి మాత్రమే. ముఖం వేలాడేసుకుంటే సువార్త ముందుకు నడవదని ఆయన నమ్మకం. చెడ్డ మనిషి కాదు, చెడ్డ కబుర్లు విని విని విసిగిన మనిషి. దాంతో మా నిరీక్షణ ప్రతి శుక్రవారం నాలో కూర్చుని, మర్నాడు చెప్పాల్సిన మాటలు సాధన చేసేది. గొంతులో నవ్వు తెచ్చుకునేది. ముఖంలో లేని నవ్వు గొంతులోకి ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక వారం చెప్పడానికి ఏమీ దొరకలేదు. అప్పుడే ఆమె కన్ను పక్కింటి బుల్లెమ్మ దోమతెర మీద పడింది. సర్కారువాళ్లు ఊరందరికీ పంచిన తెరలవి. ఊరివాళ్లు వాటిని నిక్షేపంగా వాగులోకి తీసుకుపోయి చేపలు పట్టుకుంటున్నారు. నిరీక్షణకు ప్రాణం చివుక్కుమంది, నాకు పరువు పోయినట్టయింది. ఆమె నేరుగా బుల్లెమ్మ ఇంట్లోకి వెళ్లి, కర్ర మీద ఆరేసి ఉన్న తెరను తీసి మంచానికి కట్టింది. తెర ఎందుకు ఇస్తారో తెలియని జనమని నలుగురిలో మందలించింది. బుల్లెమ్మ కోడలు ముత్యాలును, చంటిబిడ్డను అందులో కూర్చోబెట్టి ఫొటో తీసింది. శనివారం కబురు దివ్యంగా కుదిరింది. ఫొటో మిషన్ పత్రికలో కూడా పడింది. ఇటు ఆమె గుమ్మం దాటగానే బుల్లెమ్మ తెర విప్పి మళ్లీ వాగుకు పోయింది. ఆ రోజు నుంచి పాటకు వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు.

అయిదో నెలలో నిరీక్షణ ఓపిక అయిపోయింది. ఒక శనివారం సిగ్నల్ కోసం కొండెక్కి, అంతా బాగానే ఉంది, చిన్న సెలవు కావాలి అని మాత్రం చెప్పింది. సోమవారం జీపు పంపుతానన్నారు అయ్యగారు. ఆదివారం సాయంత్రం ఆమె నన్ను విప్పి, మడతపెట్టి, రేకుపెట్టెలో అడుగున పెట్టింది. పైన చీరలు సర్దింది. ఆ మడతల చీకట్లో నాకు ఆమె ఏడుపు వినిపించింది. ఇక తిరిగి రానని ఆమె ఎవరికీ చెప్పలేదు, అయినా ఊరందరికీ తెలుసు. చిన్న ఊరు, పెట్టె సర్దితే తెలియకుండా ఎలా ఉంటుంది?

తెల్లారేసరికి వాగు పొంగింది.

జీపు అవతలి ఒడ్డుకు వచ్చి హారన్ కొట్టింది. నిరీక్షణ ఇవతలి ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడింది. మధ్యలో ఎర్రనీళ్లు. కాసేపటికి జీపు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆమె ఇంటికి వచ్చి, పెట్టె తెరిచి నన్ను బయటికి లాగి మంచానికి కట్టింది. నిన్నటిదాకా ఉండలేనని ఏడ్చిన చోట ఇప్పుడు ఉండక తప్పదు. వెళ్లిపోవాలని మనసు కట్టుకున్నాక ఒక చోట ఇరుక్కుపోవడం మామూలుగా ఇరుక్కోవడం కంటే కష్టం. అది ఆమెను చూసే తెలుసుకున్నాను.

అయినా పిల్ల గట్టిది. రోజూ పొద్దున్నే దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడానికి ఒక మంచి వెతుక్కునేది. సోమవారం, కప్పు కారడం లేదు కనుక స్తోత్రం అంది. మంగళవారం కప్పు కారింది. మంచం మీద కారడం లేదు కనుక స్తోత్రం అంది. బుధవారం మంచం మీదా కారింది, అంతే కాదు, ఆమెకు చలిజ్వరం వచ్చింది. నాలో ఉన్నప్పుడు కుట్టిన దోమ కాదని నొక్కి చెబుతున్నాను. వాగు ఒడ్డున ఊరికే కూర్చున్నప్పుడు కుట్టినదే. దగ్గరున్న మాత్రలు వేసుకుని పడుకుంది. కాలే ఒంటికి నీటిచుక్కలు చల్లగా ఉన్నాయి కనుక స్తోత్రం, అని పళ్లు కొట్టుకుంటుండగా అంది. గురువారం ఏ మాటా అనలేదు. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. నా అంచులు పరుపు కిందికి దోపుకుని, కళ్లు తెరిచి నన్నే చూస్తూ పడుకుంది. నాలుగు పక్కలా నేను, నా చుట్టూ గోడలు, గోడల చుట్టూ వాన, వాన చుట్టూ వాగు. విప్పుకోగలిగితే నన్ను నేనే విప్పుకుని ఆమెకు దారి ఇచ్చేవాడిని.

ఆ మధ్యాహ్నం బుల్లెమ్మ పిలవకుండానే లోపలికి వచ్చింది. సామల జావ ఒక గిన్నెలో, పరిగెల పులుసు ఇంకో గిన్నెలో తెచ్చింది. నా అంచు పైకెత్తి, గిన్నెలు లోపలికి జరిపింది. నిరీక్షణ ఆవురావురుమని తినేసింది. తిన్నాక ఇంత వానలో చేపలు ఎక్కడివని అడిగింది. బుల్లెమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. వేలెడంత పరిగెలు దేనితో పడతారో అప్పుడు నిరీక్షణకు తట్టింది. నలుగురిలో తాను తిట్టిపోసిన తెరతో పట్టిన చేపలే తన కడుపులో ఉన్నాయి. సిగ్గుతో ఆమె ముఖం ఎర్రబడింది. జ్వరమేమో అనుకుని బుల్లెమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

శుక్రవారం జ్వరం జారింది. బుల్లెమ్మ మళ్లీ జావతో వచ్చింది, ఈసారి పులుసు లేదు. చేతులు నడుముకు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి, అంచు నుంచి అంచుకు తేరిపార చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

“నువ్వు పోతన్నావంట గదా,” అంది.

నిరీక్షణ తలూపింది. ఉండమని అడుగుతుందేమోనని ఆశపడింది. అయిదు నెలల్లో ఒక్కరైనా ఆ మాట అనాలని ఆమె ఎంత కోరుకుందో నాకు తెలుసు.

“మా తెర వాగులో కొట్టుకుపోయింది. ఆ తెర ఇచ్చిపో,” అంది బుల్లెమ్మ.

నిరీక్షణ ఆమె వైపు చూసింది. తరవాత మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. పాట చెప్పింది, అక్షరం చెప్పింది, దేవుణ్ణి చెప్పింది, చివరికి ఊరికి కావలసింది తెర. ఏడుస్తూ ఏడుస్తూ ఎక్కడో ఆమెకు నవ్వు వచ్చింది. గొంతులోంచి కాదు, పొట్టలోంచి వచ్చిన నవ్వు. నాలో అలాంటి నవ్వు వినడం అదే మొదటిసారి. బుల్లెమ్మకు ఏమీ అర్థం కాక, జ్వరం తలకెక్కిందేమో అనుకుని మంచం అంచున కూర్చుంది.

అప్పుడు ఇద్దరూ బేరంలో పడ్డారు. ఫొటో కోసం మీ ఇంట్లోకి అలా రావడం తప్పేనని నిరీక్షణ ఒప్పుకుంది. తెర ఇస్తాను, పగలు చేపలు పట్టుకోండి, కానీ రాత్రి ముత్యాలూ బిడ్డా అందులో పడుకోవాలంది. బుల్లెమ్మ ససేమిరా అంది. నాలుగు కర్రలు కట్టి మీద తెల్లగుడ్డ వేస్తే పాడె మీద పడుకున్నట్టు ఉంటుందట. పైగా వానాకాలం పొయ్యి పక్కనే పడుకుంటారు, నిప్పురవ్వ పడితే తెరా పోతుంది, బిడ్డా పోతుంది. ఆ రెండో మాట విని నిరీక్షణ ఆలోచనలో పడింది. తన గదిలో పొయ్యి లేదు. అయితే వాళ్లను ఇక్కడికి పంపమంది, తెర ఇక్కడే కడదామంది. బిడ్డకు కిందటి నెల చలిజ్వరం వచ్చి తగ్గింది. అది గుర్తొచ్చిందేమో, బుల్లెమ్మ ఈసారి కాదనలేదు.

“రోజూ సాయంత్రం ఎవరు కడతారు? మాకు ఆ ముళ్లు రావు,” అంది చివరికి.

“నేను...” అని మొదలుపెట్టి నిరీక్షణ ఆగిపోయింది. మూలనున్న పెట్టె వంక చూసింది.

“నువ్వే కట్టు మరి,” అంది బుల్లెమ్మ, గిన్నె తీసుకుని లేస్తూ.

ఉండమని అడగడం ఆ ఊళ్లో అలాగే ఉంటుంది కాబోలు. లేక ఆవిడ ముళ్ల గురించే అన్నదో. నేను ఎంత ఆలోచించినా తేలలేదు. నిరీక్షణ మాత్రం తేల్చుకునే ప్రయత్నం చేయలేదు.

శనివారం వాన వెలిసింది. ఆదివారం పొద్దున్నే వాగు మోకాలి లోతుకు దిగింది. నా జీవితంలో మొదటిసారి నన్ను నీళ్లలో ముంచారు. దోమలను ఆపడానికి పుట్టినవాడిని, బురదలో ఈడ్చబడుతూ, ఒంటినిండా పరిగెలు గిలగిల కొట్టుకుంటుంటే నాకేమనిపించిందో చెప్పలేను. అవమానం అనే మాట మొదట తట్టింది. తరవాత ముత్యాలు నన్ను పైకెత్తగానే ఎండలో చేపలన్నీ తళతళలాడాయి. ఒక కొసన ముత్యాలు, ఇంకో కొసన చీర ఎగదోపుకుని నిరీక్షణ, మధ్యలో అందరినీ కేకలేస్తూ బుల్లెమ్మ.

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున జీపు ఆగింది. ఈసారి రత్నాకరం అయ్యగారే దిగారు. నీళ్లలో ఉన్న తన మిషనరీని చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. దేవుని కృప వల్ల అంతా క్షేమమే కదా తల్లీ అని గట్టిగా అడిగారు.

నిరీక్షణ నన్ను వదలకుండానే తలెత్తింది.

“లేదండి అయ్యగారూ. జ్వరం వచ్చింది. బియ్యం అయిపోయాయి. ప్రార్థనకు ఈ అయిదు నెలల్లో ఒక్కరూ కూర్చోలేదు. ఇన్నాళ్లూ నేను చెప్పిన కబుర్లలో సగం కల్పించి చెప్పినవేనండి.”

అయ్యగారు నీళ్ల అంచు దాకా దిగారు.

“వచ్చెయ్యమ్మా, తీసుకెళ్తాను,” అన్నారాయన నెమ్మదిగా.

“పెట్టె తీసుకెళ్లండి, ఖాళీ చేసి ఇస్తాను,” అంది నిరీక్షణ. “బియ్యం వేసి పంపండి. నాలుగు తెరలు కూడా పెట్టండి. ఇక్కడ దోమలకూ కావాలి, చేపలకూ కావాలి.”

మాటలు చాలించి తెర సరిగ్గా పట్టుకో, చేపలు పోతున్నాయని బుల్లెమ్మ విసుక్కుంది. అయ్యగారు ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని, బూట్లు విప్పి, ప్యాంటు మడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం ఆయన కూడా పరిగెల పులుసు తిన్నారు. స్తుతి కబురు ఏదని మాత్రం అడగలేదు.

ఇది జరిగి చాలా కాలమైంది. పగలు చేపలతో, రాత్రి ముత్యాలుతోనూ బిడ్డతోనూ రెండు కొలువులు చేసి చేసి నేను చిరిగిపోయాను. ఇప్పుడు బుల్లెమ్మ పెరట్లో గంప మీద కప్పి ఉన్నాను. గద్ద ఎత్తుకుపోకుండా కోడిపిల్లలను చూసుకోవడం నా పని. ఎర్ర అంచు వెలిసిపోయింది, వంకర నాడా మాత్రం అలాగే ఉంది. నిరీక్షణ ఇంకా ఆ గదిలోనే ఉంటోంది. ప్రార్థనకు బుల్లెమ్మ వస్తుంది, గోడకు ఆనుకుని నిద్రపోతుంది. శనివారం కొండెక్కిన నిరీక్షణ ఇప్పుడు త్వరగా దిగిరాదు, మంచీ చెడూ రెండూ చెప్పాలి కదా.

పొద్దు వాలగానే రోజూ బుల్లెమ్మ గుమ్మంలో నిలబడి, పక్కింటి వైపు ఒకే మాట కేకేస్తుంది.

“పాటలమ్మా, తెర కట్టావా?”

కడుతున్నానని అటు నుంచి జవాబు వస్తుంది. కట్టేది అయ్యగారు పంపిన కొత్త తెరను. అది వినగానే నాలుగు మూలలూ బిగించుకోవాలని నాకు పాత అలవాటు కొద్దీ అనిపిస్తుంది. కోడిపిల్లలు నన్ను కిందనుంచి పొడుస్తూ ఉంటాయి.